ఎడమవైపు బిగిసిన జాకెట్టు – రొమ్ము ఎంఆర్‌ఐతో నా అనుభవం

విశాఖపట్నం కంచరపాలెంలో మా ఇంటి ముందు గదిలో 19 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఒకసారి టేపు పెట్టానంటే ఎవరి కొలతైనా నాకు గుర్తుండిపోతుంది. దసరాకి నా కోసం ఒక ఆకుపచ్చ పట్టు జాకెట్టు కుట్టుకున్నాను. మార్గశిరం రెండో గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి బయలుదేరుతూ అదే జాకెట్టు వేసుకుంటే హుక్కులు పట్టలేదు. ఒళ్లు చేశానేమో అనుకుని టేపు తీశాను. నడుము అంతే ఉంది. చేతి చుట్టుకొలతా అంతే. కుడివైపు డార్టు ఎప్పటిలాగే కూర్చుంది. ఎడమవైపు మాత్రం గుడ్డ లాగేస్తోంది. మధ్య పట్టీ నుంచి పక్క కుట్టు దాకా కొలిస్తే ఎడమవైపు అంగుళం పావు పెరిగింది.

అప్పుడు చేత్తో తడిమి చూసుకున్నాను. నిమ్మకాయంత గడ్డ. గట్టిగా, నున్నగా ఉంది. వేళ్ల కింద అటూ ఇటూ కదులుతోంది. నొప్పి అస్సలు లేదు. నొప్పి లేని గడ్డ మంచిదే అని మా వీధిలో అందరూ అనే మాట నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. అది తప్పు మాట అని తర్వాత తెలిసింది. రొమ్ములో వచ్చే క్యాన్సర్ గడ్డలకి కూడా మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదట.

మొదట వెళ్లిన క్లినిక్కులో సన్న సూది పెట్టి కణాలు తీశారు. ఫైబ్రోఅడినోమా, అంటే క్యాన్సర్ కాని మామూలు గడ్డ, భయం లేదు, ఆరు నెలల తర్వాత రండి అన్నారు. నాకు 43 ఏళ్లు. ఫైబ్రోఅడినోమా ఎక్కువగా 20, 30 ఏళ్ల వాళ్లలో వస్తుందని, 40 దాటాక కొత్తగా వచ్చి గబగబా పెరిగే గడ్డని ఆ పేరు పెట్టి వదిలేయకూడదని ఆ తర్వాత ఇంకో డాక్టరమ్మ చెప్పారు. నాకు వచ్చింది ఫిల్లోడ్స్ అనే గడ్డ అని చివరికి తేలింది. దానికీ ఫైబ్రోఅడినోమాకీ తేడా సన్న సూదితో తీసిన కణాల్లో చాలాసార్లు తెలియదట. కాబట్టి సూది పరీక్ష తేల్చలేకపోయిందని నాకు బాధ లేదు. దసరాకి సరిపోయిన జాకెట్టు మార్గశిరానికి అంగుళం పావు బిగిసిందని నేను చెప్తే ఆ మాట కాగితం మీద రాయలేదు. నా బాధంతా అది. గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో చెప్పగలిగిన కొలత ఆ రోజు నా దగ్గర ఒక్కదాని దగ్గరే ఉంది.

సంక్రాంతి ముందు మాకు ఊపిరి ఆడదు. రాత్రి రెండింటి దాకా మిషన్ మీదే ఉన్నాను. కనుమ నాటికి గడ్డ బత్తాయి పండంత అయింది. పైన చర్మం సాగి నీలం నరాలు కనిపిస్తున్నాయి. పండక్కి వచ్చిన మా ఆడపడుచు నర్సు. చూసి, "వదినా, ఇంక ఒక్కరోజు కూడా ఆగకు" అని తనే మహారాణిపేటలో ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నా మాట పూర్తిగా విన్నారు. కొలత తేడా అడిగి మరీ రాసుకున్నారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి లావు సూదితో నాలుగు ముక్కలు తీశారు. దాన్ని కోర్ బయాప్సీ అంటారు. ముక్క తీసినప్పుడల్లా టక్కుమని చప్పుడు వస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. వారం లోపే రిపోర్టు వచ్చింది. ఫిల్లోడ్స్ ట్యూమర్ కావచ్చు, ఏ రకమో గడ్డ మొత్తం తీశాకే చెప్పగలం అని ఉంది.

ఆ పేరు నేను ఎప్పుడూ వినలేదు. రొమ్ములో వచ్చే గడ్డలన్నిటిలో నూటికి ఒకటి కూడా ఉండదట. మనం మామూలుగా రొమ్ము క్యాన్సర్ అనేది పాల నాళాల లోపలి పొరలో, పాల గ్రంథుల్లో మొదలవుతుంది. ఇది వాటిని పట్టి ఉంచే పీచు కణజాలంలో పుడుతుంది. 1838లో యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ వైద్యుడు దీనికి ఆ పేరు పెట్టాడని, గ్రీకులో ఫిల్లోన్ అంటే ఆకు అని డాక్టరమ్మ చెప్పారు. కోసి చూస్తే లోపల ఆకులు ఒకదాని మీద ఒకటి మడిచినట్టు ఉంటుందట. ఇందులో మూడు రకాలు. ఒకటి మామూలుది, ఇంకొకటి ప్రాణం మీదికి తెచ్చేది, మధ్యలో ఒక రకం. మూడిట్లో ఏదైనా సరే, చుట్టూ కొంత మంచి కణజాలంతో కలిపి తీయకపోతే అదే చోట మళ్లీ రావచ్చు.

ఆపరేషన్‌కి ముందు ఎంఆర్‌ఐ స్కాన్ తీయించమన్నారు డాక్టరమ్మ. "ముక్క తీశారు, పేరు తెలిసింది. మళ్లీ ఎంఆర్‌ఐ ఎందుకమ్మా?" అని అడిగాను. డబ్బు గురించే అడిగాను, దాచడం ఎందుకు. స్కాన్ ఒక్కదానికే 9,500 అన్నారు. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. గడ్డ పెద్దది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో ముందు వైపు బాగా కనిపించింది కానీ వెనక అంచు సరిగా అందలేదు. ఆ వెనకే ఛాతీ కండ ఉంటుంది. గడ్డ దానికి అంటుకుందా లేదా, ఎడమ రొమ్ములోనే ఇంకెక్కడైనా చిన్న ముక్కలున్నాయా, కుడివైపు ఎలా ఉంది, ఇవన్నీ చూసుకుంటే కత్తి ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. "మీరు చాక్‌పీసుతో గీత గీయకుండా గుడ్డ కత్తిరిస్తారా?" అన్నారు. ఇంకేమీ అడగలేదు.

స్కాన్ సెంటర్ వాళ్లు ఫోన్లో అడిగిన మొదటి ప్రశ్న, నెలసరి ఎప్పుడు వచ్చింది అని. మంచి ప్రశ్న అది, ఎవరూ అడక్కపోతే మనమే చెప్పాలి. నెలసరి వచ్చిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల తీస్తే బొమ్మ బాగా వస్తుంది. మిగతా రోజుల్లో హార్మోన్ల వల్ల మంచి కణజాలం కూడా స్కాన్ మధ్యలో ఎక్కించే రంగు మందు ఎక్కువగా పీల్చుకుని, గడ్డేదో మామూలు భాగమేదో కలిసిపోతుంది. నాకు అది తొమ్మిదో రోజు, కలిసొచ్చింది. కలవకపోయినా ఇంత వేగంగా పెరిగే గడ్డకి రోజుల కోసం ఆగేవాళ్లం కాదని డాక్టరమ్మ అన్నారు. రెండు రోజుల ముందు రక్తంలో క్రియాటినిన్ చూశారు. రంగు మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి అవి బాగుండాలి.

ఫిబ్రవరి మొదటి వారంలో, పొద్దున్నే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్‌లో ఆటో దిగాం. మా ఆయన, అత్తయ్య, నేను. లోపల ఒక ఫారం ఇచ్చారు. గుండెలో పేస్‌మేకర్ ఉందా, మెదడులో క్లిప్పులున్నాయా, చెవిలో మిషన్ ఉందా, గర్భమా, ఒంట్లో ఎక్కడైనా ఇనుప ముక్కలున్నాయా. చివరి ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగింది. ఎనిమిదేళ్ల కిందట మిషన్ సూది నా చూపుడువేలి గోరులోంచి దిగి లోపలే విరిగింది. అప్పుడు ముక్క లాగేశారు. మొత్తం వచ్చిందో లేదో ఎవరూ చూడలేదు. చిన్న విషయమే కదా అని వదిలేయబోయి, మనసు ఒప్పక టెక్నీషియన్ అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి వెంటనే వేలికి ఎక్స్‌రే తీయించింది. ఏమీ లేదని చూశాకే లోపలికి పంపింది. కుట్టుపని చేసే ఆడవాళ్లు ఇది చదువుతుంటే మీ వేళ్ల గురించి తప్పకుండా చెప్పండి. వెల్డింగ్ పని, లేత్ పని చేసే మగవాళ్లకైతే కంటి గురించి కూడా అడుగుతారట.

తర్వాత నగలు. గాజులు, చెవులవి, మెట్టెలు తీశాను. పుస్తెల తాడుకి నాలుగు పిన్నీసులు తగిలించి ఉన్నాయి, మన ఇళ్లలో ఎవరికి ఉండవు! ఆ గదిలో అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ తీయనప్పుడు కూడా. పిన్నీసు ఎగిరి వెళ్లి దేనికైనా తగలొచ్చు. పుస్తెలు తీయాలనేసరికి అత్తయ్య మొహం చూశాను. ఆవిడకి 71 ఏళ్లు. వాదిస్తారేమో అనుకున్నాను. ఆవిడ కొంగుముడి విప్పి పసుపు రాసిన దారం, దానికి కట్టిన పసుపు కొమ్ము బయటికి తీశారు. రాత్రే కట్టి పెట్టుకున్నారట. నా మెడలో వేసి ముడి వేస్తూ, "దీనికి ఇనుము అంటదు, వెళ్లి రా అమ్మా" అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. టెక్నీషియన్ అమ్మాయి దారం చూసి తలూపింది.

రొమ్ము ఎంఆర్‌ఐ బోర్లా పడుకోబెట్టి తీస్తారు. వెల్లకిలా అనుకుని వెళ్లాను నేను. బల్ల మీద కాయిల్ అని ఒక అమరిక ఉంటుంది, దానికి రెండు గుంటలు. రొమ్ములు రెండూ వాటిలోకి వేలాడేలా, నుదురు ఒక మెత్త మీద ఆనేలా, చేతులు తల ముందుకి చాపి పడుకోవాలి. సర్దింది ఆడమనిషే. ముందే అడిగి ఖాయం చేసుకున్నాను, మీరూ అడగండి. కుడి మోచేతి మడత దగ్గర సూది పెట్టి గొట్టం తగిలించారు. చేతిలో ఒక రబ్బరు బంతి ఇచ్చారు, భయం వేస్తే నొక్కితే ఆపేస్తారు. చెవుల్లో దూది లాంటి బిళ్లలు పెట్టి పైన హెడ్‌ఫోన్ పెట్టారు.

ఇక్కడ ఒక్క మాట. ఒంటి బరువంతా ఛాతీ మధ్య ఎముక మీద పడుతుంది. ఐదు నిమిషాలకే నొప్పి మొదలవుతుంది. సర్దుతున్నప్పుడే చెప్తే ఇంకో మెత్త వేస్తారు. మొదలయ్యాక కదిలితే మాత్రం పని చెడుతుంది, ఎందుకంటే రంగు మందు ఎక్కకముందు తీసిన బొమ్మని ఎక్కాక తీసిన బొమ్మలోంచి తీసేసి, మిగిలింది చూస్తారు. మిగిలేది మందు పీల్చుకున్న చోటు మాత్రమే. రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే ఆ లెక్క తప్పుతుంది. జాకెట్టు పైగుడ్డ, లైనింగు ఒక్కలా పడకపోతే కుట్టు ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఊపిరి కూడా చిన్నగా తీసుకున్నాను.

చప్పుడు చాలా ఎక్కువ. నాకు మోటారు మిషన్ల చప్పుడు అలవాటే. ఇది ఓవర్‌లాక్ మిషన్ నాలుగు గోడల మధ్య పెట్టి తల దగ్గర నడిపినట్టు ఉంది. కాసేపు టకటకా, కాసేపు బుయ్యిమని, మధ్యలో నిశ్శబ్దం. డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న మా పెద్దాడు ముందు రోజు రాత్రి నాకు చెప్పాడు. మన ఒంట్లో నీళ్లలో ఉండే హైడ్రోజన్ ఆ అయస్కాంతానికి లొంగి ఒక వరసలో నిలబడుతుందట, రేడియో తరంగం పంపి దాన్ని కదిపితే తిరిగి వచ్చే సంకేతంతో బొమ్మ గీస్తారట. ఆ సెంటర్‌లో ఉన్న 1.5 టెస్లా మిషన్ భూమి అయస్కాంతం కంటే దాదాపు 30,000 రెట్లు బలమైనదట. ఈ పద్ధతి కనిపెట్టినందుకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి 2003లో నోబెల్ వచ్చిందని కూడా చెప్పాడు. వాడు చెప్పిన వాటిలో నాకు ధైర్యమిచ్చింది ఒక్కటే, దీంట్లో ఎక్స్‌రే కిరణాలు లేవు అన్నది.

సగం అయ్యాక, "మందు ఇస్తున్నాం" అని హెడ్‌ఫోన్‌లో వినిపించింది. గాడోలినియం మందు, బరువుని బట్టి ఇస్తారు. నా 62 కిలోలకి 12 మిల్లీలీటర్లు. మోచేతి నుంచి భుజం దాకా ఐసు నీళ్లు పాకినట్టు అయింది, నాలుక మీద లోహం రుచి ఒక్క క్షణం. ఆ తర్వాత నిమిషానికి, నిమిషంన్నరకి ఒకసారి అదే బొమ్మ మళ్లీ మళ్లీ తీశారు. మందు గడ్డలోకి ఎంత వేగంగా వెళ్తోంది, నిలుస్తోందా, బయటికి పోతోందా అని చూడడానికి. మొత్తం 35 నిమిషాలు పట్టింది. లేచేసరికి నుదుటి మీద మెత్త అచ్చు పడింది.

సూది తీయకుండా బయట కాసేపు కూర్చోబెట్టారు. పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు, నాకంటే పెద్దావిడ. అప్పా అని పలకరించాను, అటువైపు అక్కని అలాగే అంటారు. ఆవిడది లోబ్యులర్ అనే రకం క్యాన్సర్. "గడ్డ కాదంట చెల్లీ. దారాల్లాగ పాకిందంట. నా చేతికి తగల్నేదు. మామోగ్రామ్‌లో కూడా సరిగ్గా కనబడ్నేదంట" అన్నారు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 10 నుంచి 15 దాకా అదేనని, కణాలు ముద్దగా కాకుండా ఒకదాని వెనక ఒకటి వరసగా పాకుతాయని, దాని హద్దు చూడడానికి ఎంఆర్‌ఐ బాగా ఉపయోగపడుతుందని తర్వాత మా డాక్టరమ్మ చెప్పారు. ఆ రకం ఒక్కోసారి పొట్ట లోపలి పొరకి, అండాశయాలకి కూడా వెళ్తుందట. అప్ప ఆ రోజు ఒక్కరే వచ్చారు, కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడట. తినడానికి ఏమైనా తెచ్చుకున్నారా అంటే లేదన్నారు. మా డబ్బాలో ఇడ్లీలు ఇద్దరం తిన్నాం. అదే మిషన్ మీద, అదే గుంటల్లో పడుకున్నాం ఇద్దరం. వెతికేది మాత్రం వేరు వేరు దారుల్లో.

ఆ మాట నాకు అప్పుడే అర్థమై ఉంటే ఆ రాత్రి అంత నరకం అయ్యేది కాదు.

రిపోర్టు రాత్రి తొమ్మిదిన్నరకి వాట్సాప్‌లో పంపారు. డాక్టరుకి చూపించకుండా నేను తెరవకుండా ఉండాల్సింది. తెరిచాను. మా పెద్దాడు ట్యూషన్ నుంచి ఇంకా రాలేదు. నాకు తెలిసిన ఇంగ్లీషుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటే ఎడమ చంకలో బిళ్ళలు పెద్దవిగా ఉన్నాయి అన్న ముక్క అర్థమైంది. మా వీధిలో క్యాన్సర్‌తో పోయిన ఇద్దరి గురించీ నేను విన్నది ఒకే మాట, చంకలో బిళ్ళ తేలిందంటే పాకేసినట్టే. అరుగు మీద కూర్చున్న పక్కింటి పిన్నిగారు కూడా అదే అన్నారు. ఆవిడ తప్పు లేదు, ఆవిడ చూసింది అదే. రాత్రంతా ఎడమ చంకలో చెయ్యి పెట్టుకుని పడుకున్నాను. చిన్నవాడి ఫీజు ఎంత కట్టాలి, మిషన్ లోను ఎంత మిగిలింది అని లెక్కలు వేసుకున్నాను. మా ఆయన పోర్టులో నైట్ డ్యూటీ. ఫోన్ చేసి చెప్పలేదు.

పొద్దున్న డాక్టరమ్మ రిపోర్టు చదివి, నన్ను చూసి, "రాత్రి నిద్ర పోలేదు కదా" అన్నారు. అప్పుడే స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి, రేడియాలజీ డాక్టరుగారు బొమ్మలు చూపిస్తారు, మీరే వెళ్లి చూడండి అని పంపారు. అలా అందరికీ దొరకదు, నాకు దొరికింది.

చీకటి గదిలో ఆయన ఒక్కొక్కటీ తిప్పి చూపించారు. నీళ్లు తెల్లగా కనిపించే బొమ్మలో నా గడ్డ కోసిన క్యాబేజీలా ఉంది. పెద్దది, 8.4 సెంటీమీటర్లు. అంచు నున్నగా, గుండ్రని మడతలతో ఉంది. లోపల తెల్లని సన్న చీలికలు, మధ్యమధ్య నల్లని గీతలు. అవే ఆకుల మడతలు అన్నారు. ఆ చీలికలు, ఆ నీటి గదులు చూస్తే ఫిల్లోడ్స్ అనే అనిపిస్తుందట. మందు వేగంగా ఎక్కింది. అంటే చెడ్డదా అని అడిగాను. "ఈ గడ్డలో మందు ఎక్కిన వేగం చూసి మంచిదో చెడ్డదో నేను చెప్పలేనమ్మా. ఎవరైనా చెప్తే నమ్మకండి. మామూలు రకం కూడా ఇలాగే పీల్చుకుంటుంది. గడ్డ మొత్తం మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే" అన్నారు. రిపోర్టు చివర బైరాడ్స్ 4 అని ఉంది. అది 0 నుంచి 6 దాకా ఉండే ఒక వరస, 4 అంటే అనుమానించి తేల్చుకోవాల్సింది అని అర్థం. క్యాన్సర్ నాలుగో దశ కాదు. నాలాగే ఎంతమంది ఆ అంకె చూసి భయపడి ఉంటారో.

తర్వాత పక్క నుంచి చూసే బొమ్మ పెట్టారు. గడ్డ వెనక, ఛాతీ కండ ముందు, సన్నని గీత ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉంది. కొవ్వు పొర. కండ మందు పీల్చుకోలేదు. "దీనికోసమే మిమ్మల్ని ఈ స్కాన్‌కి పంపారు. గడ్డ కండలోకి దిగలేదు" అన్నారు. ఆ గీతని వేలితో చూపించమని రెండుసార్లు అడిగాను.

చంక సంగతి ఆఖర్న అడిగాను. గొంతు రాలేదు, మా ఆడపడుచే అడిగింది. ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతలో రాస్తున్నాను. మామూలు రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా శోషరస నాళాల దారిలో వెళ్తుంది, ఆ దారిలో మొదటి మజిలీ చంకలోని బిళ్ళలు. అందుకే అందరూ చంక గురించి భయపడతారు. ఫిల్లోడ్స్ పీచు కణజాలంలోది, పాకినా రక్తం దారిలో పోతుంది. ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకి. చంకలోకి చేరడం చాలా అరుదు. ఇంత పెద్ద గడ్డ పక్కన ఉంటే బిళ్ళలు ఊరికే వాచడం మాత్రం మామూలే, కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టినట్టు. ఎంఆర్‌ఐ వాపు చూపిస్తుంది, ఎందుకు వాచిందో చెప్పదు. అక్కడికక్కడే అల్ట్రాసౌండ్ పెట్టి, ఆ బిళ్ళలోంచి సన్న సూదితో కణాలు తీశారు. మూడో రోజు రిపోర్టు వచ్చింది. గడ్డ తాలూకు కణాలు లేవు, వాపు మాత్రమే.

సన్న సూది మొదట నా గడ్డ సంగతి తేల్చలేకపోయింది, బిళ్ళ సంగతి మాత్రం తేల్చింది. ఏ పరీక్షని ఏ ప్రశ్న అడగాలో తెలిసినవాళ్ల చేతిలో ఉంటే అంత తేడా.

ఛాతీ సీటీ స్కాన్ మరుసటి రోజు తీశారు. పది నిమిషాల పని. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. చంకని అంత తలుచుకుని ఏడ్చాను కానీ, నిజంగా భయపడాల్సిన చోటు ఊపిరితిత్తులని అప్పటిదాకా నాకు తెలియదు. పిన్నిగారికి కూడా వెళ్లి చెప్పాను. ఆవిడ నమ్మడానికి కాసేపు పట్టింది.

ఆపరేషన్ ఫిబ్రవరి చివర్లో అయింది. డాక్టరమ్మ ఎంఆర్‌ఐ బొమ్మలు ముందు పెట్టుకుని నా చర్మం మీద పెన్నుతో గీసి చూపించారు. గడ్డ చుట్టూ కనీసం 1 సెంటీమీటరు మంచి కణజాలం కలిపి తీయాలి, దాన్ని మార్జిన్ అంటాం అన్నారు. మేమూ మార్జిన్ అనే అంటాం, కుట్టు లోపల వదిలే గుడ్డని. చంకని ముట్టుకోలేదు. మామూలు క్యాన్సర్ అని పొరబడి ఉంటే ఆ బిళ్ళలు కూడా తీసేవారేమో, అప్పుడు చెయ్యి వాపు వచ్చే అవకాశం ఉంటుంది. చెయ్యే నా జీవనం. రొమ్ము మొత్తం తీయాల్సి రాలేదు, కానీ ఆకారం మారింది. ఎడమవైపు ఇప్పుడు చిన్నది.

పెద్ద రిపోర్టు పది రోజులకి వచ్చింది. మధ్యరకం. మైక్రోస్కోప్ కింద పది గళ్లు చూస్తే విడిపోతున్న కణాలు 6 కనిపించాయట. 5 లోపు ఉంటే మామూలు రకం వైపు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే చెడ్డ రకం వైపు మొగ్గుతుంది. అది కాక ఇంకా కొన్ని లక్షణాలు కలిపి తేలుస్తారు. మార్జిన్ అన్ని వైపులా శుభ్రంగా ఉంది. అరుదైన గడ్డ కదా, ఇంకొకరు చూస్తే మంచిదని స్లైడ్లు అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడా అదే మాట అన్నారు. మందులు, రేడియేషన్ ప్రస్తుతానికి అక్కర్లేదు. మళ్లీ వస్తే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, ఎక్కువగా అదే చోట వస్తుంది కాబట్టి ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి.

నెలన్నరకి మిషన్ మీద కూర్చున్నాను. ఇప్పుడు కొలత తీసేటప్పుడు రెండు వైపులా విడివిడిగా రాస్తున్నాను, పక్కన తేదీ కూడా. ఎవరికైనా రెండు వైపులా కొంచెం తేడా సహజంగానే ఉంటుంది, దానికి కంగారు పెట్టను. పాత కొలతకీ కొత్త కొలతకీ ఒక్క వైపే మార్పు కనిపిస్తే మాత్రం, బయట మగవాళ్లు ఉంటే తలుపు వేసి, అడుగుతాను. ఇప్పటిదాకా ఇద్దరిని అల్ట్రాసౌండ్‌కి పంపాను. ఒకరిది నీటి బుడగ. ఇంకొకరు ఇంకా వెళ్లలేదు, రోజూ ఫోన్ చేస్తున్నాను.

నా మొదటి చెకప్ ఆగస్టులో, మళ్లీ ఎంఆర్‌ఐ ఉంది. శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు, పుస్తకంలో ఖాళీ లేదు. నెలసరి లెక్క చూసుకుని ఒక మంగళవారం ఖాయం చేశాను. ఆ పేజీలో ఎవరి పేరూ రాయలేదు. పూజగదిలో పటం వెనక అత్తయ్య అప్పుడే పసుపు దారం, కొమ్ము తెచ్చి పెట్టారు.